కదలకుండా నిలబడ్డవాళ్ళు

గాజుపలక మీది కాంపౌండరు ముక్కు గోక్కున్నాడు.

గదిలో ఉన్న ముగ్గురూ ఒక్కసారిగా ఘొల్లున నవ్వారు. ఆ కాంపౌండరు పోయి ఎన్నేళ్ళయిందో లెక్క చెప్పేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. మందుల గది ముందు వరసగా నిలబడ్డ ఆసుపత్రి సిబ్బంది, మధ్యలో తలపాగా, పొడుగు కోటుతో డాక్టర్ రామభద్రయ్య. ఇన్నాళ్ళూ ఆ ఫోటోలో కాంపౌండరు ముఖం మధ్య ఒక మసక మచ్చ ఉండేది. బూజు పట్టిందనుకునేవారు అందరూ. ఇప్పుడు తెర మీద ఆ మసక విడివడి చెయ్యిగా మారింది. ఆ చెయ్యి పైకి లేచి, ముక్కు గోకి, ఎవరూ చూడలేదు కదా అన్నట్టు కిందికి దిగిపోయింది.

"చూశారా మేడమ్! ఫోటో అంటే ఒక్క క్షణం అనుకుంటాం. కాదు. ఆ రోజుల్లో అర నిమిషం, ముప్పావు నిమిషం కదలకుండా నిలబడాలి. అంతసేపటి వెలుగూ ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా ఉంటుంది. పలక మీది ఏ రేణువు ముందు నల్లబడిందో, ఏది తరవాతో కనిపెట్టి ఆ కుప్ప విడదియ్యడమే నా యంత్రం పని," అన్నాడు కరీముల్లా.

కరీముల్లా విశాఖపట్నంలో భౌతికశాస్త్రం చదివి, ఆరేళ్ళు కష్టపడి ఈ యంత్రం కట్టాడు. దాన్ని వ్యానులో వేసుకుని గోదావరి ఒడ్డున ఉన్న కొత్తరేవుకి తెచ్చింది డాక్టర్ మందాకిని మాట మీదే. ఆమె రామభద్రయ్య ధర్మాసుపత్రిలో మత్తు డాక్టరు. రామభద్రయ్య ఆమెకు ముత్తాత. పక్కన కుర్చీలో కూర్చున్న డాక్టర్ ఉమాపతిరావు ఆమె తండ్రి. ఎనభై దాటినా వెన్ను వంగని మనిషి. ఆసుపత్రిని నడిపేది ఆయనే. కొత్త ప్రసూతి భవనం ప్రారంభోత్సవం నాడు తాతగారు తెర మీద కదులుతూ కనిపించాలని ఆయన కోరిక.

పాత సామాన్ల గదిలో దొరికిన పలకలన్నీ వరసగా పెట్టారు. కలరా డేరాల ముందు నీళ్ళు కాస్తున్న గంగాళం, టీకాలకి వచ్చిన జనం, ఆడవాళ్ళ వార్డులో ఇనప మంచాలు. ఒక పలకలో దొరసాని నర్సు నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంది. ఇంకొకదానిలో రోగి నాడి పట్టుకుని గంభీరంగా నిలబడ్డ రామభద్రయ్య, ఉన్నట్టుండి కళ్ళు చికిలించి కిటికీలోంచి పడే ఎండని తిట్టుకున్నాడు.

"అచ్చం మీలాగే నాన్నా," అంది మందాకిని. ఉమాపతిరావు మురిసిపోయాడు.

ఇక మిగిలింది అసలు పలక.

ఆ ఫోటో చూడని మనిషి కొత్తరేవులో లేడు. ఆసుపత్రి గుమ్మంలో నిలువెత్తున ఉంటుంది. మందుచీటీల మీద కూడా అదే ముద్ర. ఎత్తయిన కిటికీ పక్కన ఆపరేషను బల్ల. దాని మీద దుప్పటి కప్పిన ఆడమనిషి. ఆమె ముఖం మీద క్లోరోఫారం గుడ్డ గరాటు. తల దగ్గర కాంపౌండరు, అవతల బిడ్డని ఎత్తుకున్న నర్సు, వెనక ఇద్దరు శిష్యులు. బల్ల అంచు మీద ఎడమ చెయ్యి ఆన్చి, కెమెరా వంక సూటిగా చూస్తున్న రామభద్రయ్య. ఎవరి ముఖంలోనూ రవ్వంత చెదురు లేదు. అంత పెద్ద ఆపరేషను చేసి కూడా ఆ చేతులు ఎంత స్థిమితంగా ఉన్నాయో చూడండని ఉమాపతిరావు నలభై ఏళ్ళపాటు తన శిష్యులకు చెప్పాడు.

ఆ రోజు కథ కూడా అందరికీ తెలిసిందే. అచ్చియ్యమ్మ అనే చిన్నపిల్ల కాన్పు కష్టమై పడవలో వచ్చింది. ఆ ప్రాంతంలో అంతవరకూ ఎవరూ తలపెట్టని ఆపరేషను చేసి, కడుపు కోసి, రామభద్రయ్య ఆడపిల్లని బయటికి తీశాడు. తల్లి ఆ రాత్రంతా బిడ్డని పక్కలో వేసుకుని, పాలిచ్చి, ముద్దులాడి, తెల్లవారుజామున జ్వరం ముదిరి పోయింది. ఆసుపత్రి కట్టడి వల్ల అయినవాళ్ళెవరూ లోపలికి రాలేదు. ఆ సంగతంతా డాక్టరే స్వయంగా బయటికొచ్చి చెప్పాడు. బిడ్డకి ఆయన పేరే పెట్టుకున్నారు, రామభద్రమ్మ అని.

"ఇది ఒక్కసారే చదవగలం. బొమ్మ యంత్రంలో దాచుకుంటాం గానీ, చదివిన మేర పలక తెల్లబడిపోతుంది. మొదలుపెట్టమంటారా సార్?" అని అడిగాడు కరీముల్లా.

"నకళ్ళు బోలెడున్నాయి. కానియ్యి," అన్నాడు ఉమాపతిరావు.

తెర మీద కిటికీ వెలిగింది. తరవాత మనుషులు వచ్చారు. బల్ల మీద ముందు కనిపించింది గరాటు కాదు, ముఖం.

మందాకిని ముందుకి వంగింది. ఇంతకాలం ఏ నకలులోనూ లేని ముఖం అది. చెమటకి నుదుటికంటుకున్న జుట్టు, ఎండిన పెదాలు, గుండ్రటి చిన్న గడ్డం. కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. మత్తు వదిలి తెలివి వస్తోంది. తల నెమ్మదిగా నర్సు వైపు తిరిగింది. నర్సు చేతుల్లోని గుడ్డ మూట కదులుతోంది. అచ్చియ్యమ్మ పెదాలు ఏదో అన్నాయి. దుప్పటి కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఆ మూట కోసం చాచుకుంది.

రామభద్రయ్య ముఖం తిప్పలేదు. చూపు కెమెరా మీదే ఉంది. బల్ల అంచు మీద ఆనిన ఎడమ చేతి చూపుడువేలు మాత్రం లేచి రెండుసార్లు తట్టింది.

కాంపౌండరు గరాటు తెచ్చి ఆమె ముఖం మీద పెట్టాడు. సీసా వంచాడు.

"చుక్కలు కదా వెయ్యాలి," అంది మందాకిని. "పోస్తున్నాడేమిటి? నాన్నా, పోసేస్తున్నాడు!"

ఉమాపతిరావు ఆ సీసా వంకే చూస్తున్నాడు.

చాచిన చెయ్యి గాలిలో ఆగి, వాలిపోయింది. మందాకిని కళ్ళు అలవాటు కొద్దీ రొమ్ము మీదికి పోయాయి. ఇరవై ఏళ్ళుగా రోజూ ఆమె చూసేది అదే. దుప్పటి లేచింది, దిగింది. మళ్ళీ లేచింది. మూడోసారి కొంచెమే లేచింది. ఆ తరవాత లేవలేదు.

ఆమె తనకి తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. దుప్పటి లేవలేదు. బల్ల చుట్టూ ఐదుగురు నిలబడి ఉన్నారు. ఒక్కరూ కదల్లేదు. కాంపౌండరు కళ్ళు కిందికి దిగి, అక్కడే గడ్డకట్టి, డాక్టరు వైపు తిరిగాయి. నర్సు పెదాలు విచ్చుకున్నాయి. ఆమె కూడా చూసింది. వెనక శిష్యులిద్దరూ చూశారు. అప్పుడు రామభద్రయ్య కనుపాపలు ఒక్కసారి దిగి, బల్ల వంక చూసి, తిరిగి కెమెరా మీదికి వెళ్ళాయి. అక్కడే నిలబడిపోయాయి.

"ఆపు," అన్నాడు ఉమాపతిరావు.

కరీముల్లా చెయ్యి మీట దగ్గరికి పోయింది. "ఇంకా కొంచెం పలక మిగిలింది సార్."

"ఆపమంటున్నానా!"

"ఆపొద్దు," అంది మందాకిని.

"మందా, ఫోటో అయిపోగానే ఆయన ఏదో చేసి బతికించి ఉంటాడు. నీకు తెలీదు."

"తెలుసుకుందాం. ఆపకండి కరీముల్లా గారూ."

మిగిలిన పలక కూడా తెల్లబడుతూ వచ్చింది. చివరలో కాంపౌండరు ఉండబట్టలేక గరాటు ఎత్తి చూశాడు. అచ్చియ్యమ్మ కళ్ళు తెరిచే ఉన్నాయి. దవడ జారిపోయింది. ఆ కళ్ళు ఇక దేన్నీ చూడటం లేదని చెప్పడానికి మత్తు డాక్టరు అక్కర్లేదు. రామభద్రయ్య వేలు మళ్ళీ లేచి ఒక్కసారి తట్టింది. మూసెయ్.

కాంపౌండరు గరాటు తిరిగి ముఖం మీద పెట్టాడు. ఐదుగురూ కెమెరా వంక చూశారు. తెర నల్లబడింది.

కరీముల్లా యంత్రం మీద రెండు చేతులూ ఆన్చి తల వంచుకున్నాడు. "నేను కాంపౌండరు ముక్కు గోక్కోవడం లాంటివి చూపించడానికి చేశాను మేడమ్ దీన్ని," అన్నాడు చివరికి. "ఇలాంటివి ఉంటాయని నాకు తట్టనే లేదు."

ఉమాపతిరావు లేచి, ఎవరి వంకా చూడకుండా బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం మందాకిని ఆపరేషను గదిలో ఉంది. పెద్దాపరేషనుకి వచ్చిన పిల్ల బల్ల మీద వణుకుతోంది. నడుములో సూది వేసి, "కాళ్ళు బరువెక్కుతున్నాయామ్మా?" అని అడిగింది. ఆ పిల్ల తలూపింది. మందాకిని చూపు ఆ పిల్ల రొమ్ము మీద నుంచి కదల్లేదు. పక్కన యంత్రాలన్నీ లెక్కలు చూపిస్తూనే ఉన్నాయి. వాటిని నమ్మబుద్ధి కాలేదు.

బిడ్డ ఏడిచింది. నర్సు తుడిచి, పొత్తిగుడ్డల్లో చుట్టి తల్లికి చూపించబోతుంటే, కొత్తగా చేరిన హౌస్ సర్జన్ జేబులోంచి ఫోను తీసింది. "ఒక్క నిమిషం సిస్టర్, కొంచెం ఇటు తిప్పండి. వాళ్ళాయన అడిగాడు. అమ్మా, మీరు కదలకండి..."

"పారెయ్ దాన్ని!"

మందాకిని అరుపుకి గదంతా ఉలిక్కిపడింది. కుట్లు వేస్తున్న సర్జన్ చెయ్యి ఆగింది. హౌస్ సర్జన్ ఫోను జేబులో పెట్టేసింది. "బిడ్డని తల్లి దగ్గరికి తీసుకురండి. ముందు తల్లిని చూడనివ్వండి," అంది మందాకిని, గొంతు తగ్గించి. తనే మూట అందుకుని ఆ పిల్ల చెంప పక్కన పెట్టింది.

ఆ రోజు భోజనాల దగ్గర తండ్రీకూతుళ్ళిద్దరే ఉన్నారు. ఉమాపతిరావు అన్నం కలిపి, ముద్ద నోట్లో పెట్టుకోకుండా కూర్చున్నాడు.

"తాతయ్య ఆ తరవాత మళ్ళీ ఎప్పుడూ ఫోటో దిగలేదు. నాకు నాలుగేళ్ళప్పుడు పోయాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని శొంఠి మిఠాయి పెట్టేవాడు. ఎవరైనా కెమెరా పట్టుకొస్తే లేచి లోపలికి పోయేవాడు. ఎంత నిగర్వి అనుకునేవాళ్ళం," అన్నాడు.

మందాకిని మజ్జిగ గ్లాసు ఆయన ముందుకి జరిపింది.

"ఫోటో ఎందుకు తీశారో తెలుసా? మద్రాసులో ప్రదర్శనకి పంపడానికి. ఆసుపత్రికి దొరలు సాయం చేస్తారని. ఆ సాయంతోనే ఆడవాళ్ళ వార్డు లేచింది. ఆ వార్డులో ఎన్ని వేల ప్రాణాలు నిలబడ్డాయో ఆలోచించు."

"ఆలోచించాను నాన్నా. నిన్న రాత్రంతా అదే ఆలోచించాను. ఆవిడ తల తిప్పింది. బిడ్డ కోసం చెయ్యి చాచింది. ఫోటో చెదిరిపోతుందని మత్తు పోయించారు."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. "సరే. నాకు చెప్పు, నన్ను తిట్టు. గుమ్మంలోంచి ఆ ఫోటో తీసెయ్యమంటే తీసేస్తాను. కానీ నూకరత్నం గారికి మాత్రం చెప్పొద్దు."

నూకరత్నం, అచ్చియ్యమ్మ మనవరాలు. ఆ రోజు పుట్టిన రామభద్రమ్మ కూతురు. ఎనభై ఏడేళ్ళ మనిషి. ఏటా వాళ్ళమ్మ పుట్టినరోజు నాడు వచ్చి గుమ్మంలో డాక్టరు ఫోటోకి దండ వేసి పోతుంది. ఈసారి అదే రోజున కొత్త భవనానికి రిబ్బను కత్తిరించేది కూడా ఆవిడే.

"ఆవిడకి మిగిలిందల్లా ఆ ఒక్క రాత్రే. వాళ్ళ అమ్మమ్మ బిడ్డని పక్కలో వేసుకుని పాలిచ్చిన రాత్రి. అది కూడా లాక్కుంటావా? నీ మనసు తేలికపడటానికి ముసలావిడ గుండెలో పొడుస్తావా?" అన్నాడు ఉమాపతిరావు.

ఆ మాట మందాకినికి గట్టిగానే తగిలింది. రెండు రోజులు ఆమె దాన్నే తలపోసింది. చెప్పకపోతే దయ. చెప్తే నిజం. ఏది ఎవరి కోసమో తేల్చుకోలేకపోయింది. ఒకటి మాత్రం తెలిసింది. చెప్పకుండా ఆవిడ చేత ఆ ఫోటోకి మళ్ళీ దండ వేయించడం తన వల్ల కాదు.

ప్రారంభోత్సవం నాటి ఉదయం నూకరత్నం ఆటోలో దిగింది. ముప్పై ఏళ్ళు భోజన హోటలు నడిపిన మనిషి. నడుం వంగినా గొంతు వంగలేదు. చేతిలో బంతిపూల దండ ఉంది.

"ఏవమ్మా డాక్టరమ్మా, ఏటి అలా ఉన్నారు? ఒంట్లో బాలేదేటి?"

"ఒకసారి లోపలికి రండి నూకరత్నం గారూ. మీకొకటి చూపించాలి."

బయటి రోగులు కూర్చునే వరండా పక్కనే ఉమాపతిరావు గది. ఆయన కూతురి ముఖం చూడగానే అర్థం చేసుకున్నాడు. వెళ్ళిపోదామని లేచి, మళ్ళీ కూర్చున్నాడు. తలుపు మూసి, మందాకిని ముందు మాటలతోనే అంతా చెప్పింది. దాచకుండా, మెత్తబరచకుండా చెప్పింది. చూడటం ఇష్టం లేకపోతే చూడొద్దని కూడా అంది.

"చూపించండి," అంది నూకరత్నం.

కరీముల్లా యంత్రం దాచిన బొమ్మలోంచి అచ్చియ్యమ్మ ముఖం గదిలోని తెర మీదికి రాగానే ఆవిడ కుర్చీలోంచి ముందుకి జారింది. "ఇదా? ఇదేనా మా అమ్మమ్మ? పసిపిల్ల కదండీ ఇంకా..." అంటూ తన గడ్డం తడుముకుంది. "మా అమ్మ గడ్డం ఇలాగే ఉండేది. నాదీ ఇదే."

వేలు తట్టడం చూసింది. గరాటు చూసింది. చెయ్యి వాలిపోవడం చూసింది. కాంపౌండరు గరాటు ఎత్తడం చూసింది. తెర నల్లబడ్డాక కూడా దాని వంకే చూస్తూ ఉంది. ఒళ్ళో దండ నేల మీదికి జారింది.

"అయితే ఆ రాత్రి..." అంది.

"లేదండీ," అంది మందాకిని. "ఆ రాత్రి లేదు."

"పాలివ్వలేదా?"

"లేదండీ."

"బిడ్డని చూసిందా లేదా?"

"చూసింది. చెయ్యి చాచింది. అందుకోలేదు."

నూకరత్నం ఊపిరి బరువుగా తీసింది. ఉమాపతిరావు గబుక్కున లేచి, "అమ్మా, మంచినీళ్ళు తాగండి. పడుకుంటారా కాసేపు?" అన్నాడు. ఆవిడ అక్కర్లేదని చెయ్యి ఊపింది.

"మా అమ్మని ఊళ్ళో ఏవని పిలిచేవారో తెలుసా బాబుగారూ?" అంది. "రామభద్రమ్మ అని ఎవడూ అనలేదు. తల్లిని మింగిందనేవారు. ఆ మింగినదాని ఇల్లు, ఆ మింగినదాని కూతురు. పేరంటానికి పిలవరు. పెళ్ళిచూపులకి వెళ్ళేవాళ్ళు దారిలో మా అమ్మ కనబడితే వెనక్కి తిరిగిపోయేవారు. బిడ్డ బలం లాగేసింది కాబట్టే తల్లికి జ్వరం తగిలిందని, పాలు పీల్చి ప్రాణం పీల్చేసిందని అనేవారు. ఆ రాత్రి పాలిచ్చింది కదా మరి. అందుకని."

ఆ రాత్రిని వాళ్ళు ఓదార్పుగా దాచుకున్నారనే ఇన్నాళ్ళూ ఆమె అనుకుంది. తండ్రి వంక చూసింది. ఆయన నేల మీద పడ్డ దండ వంక చూస్తున్నాడు.

"మా అమ్మ కూడా నమ్మింది," అంది నూకరత్నం. "పుట్టినరోజున పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. నేను కడుపులో ఉన్నప్పుడు నదిలో దూకబోతే మా నాన్న పట్టుకున్నాడంట. పుట్టేదీ ఆడపిల్లే అయితే, అదీ తల్లిని మింగుతుందని. చివరికి మంచంలో ఉండి కూడా అదే మాట. నేను పుట్టకపోతే మా అమ్మ బతికేదే అని. డాక్టరుగారు దేవుడంట, తను పాపిష్టిదంట. తను రాలేనప్పుడు నన్ను పంపేది దండ వెయ్యడానికి."

ఆవిడ తెర వంక మళ్ళీ చూసింది. అక్కడ ఏమీ లేదు.

"మా అమ్మ మింగలేదు," అంది మెల్లగా. "మా అమ్మ ఏవీ చెయ్యలేదు. ఆ మూటలో ఉంది, అంతే."

"అవునండీ."

"మా అమ్మ చచ్చిపోయాక చెప్తున్నారు నాకు."

వరండాలో నంబర్లు పిలుస్తున్నారు. ఎవరి బిడ్డో ఏడుస్తోంది. నూకరత్నం ఉమాపతిరావు వైపు తిరిగింది.

"ఆయన మీకు తాత. ఆ ఇంటికి ఇప్పుడు పెద్ద మీరే. మీ నోటితో చెప్పండి."

ఉమాపతిరావు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "అచ్చియ్యమ్మ గారి చావుకి... మీ అమ్మగారు కారణం కాదమ్మా. మా తాతగారు కారణం."

నూకరత్నం తలూపింది. కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచింది. మందాకిని పట్టుకోబోతే వద్దంది. ఒక్కో అడుగూ వేసుకుంటూ తలుపు దగ్గరికి వెళ్ళి, గడియ తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. వరండా నిండా ఆడవాళ్ళు. నెలలు నిండినవాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, వాళ్ళ అమ్మలు, అత్తలు. సగంమంది ఆ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే. అందరూ తలలు తిప్పి చూశారు.

"ఇప్పుడు చెప్పండి," అంది నూకరత్నం.

ఉమాపతిరావు కూతురి వంక చూశాడు. మందాకిని చూపు తిప్పుకోలేదు. ఆయన మెల్లగా నడిచి గుమ్మంలోకి వచ్చాడు. నంబర్లు పిలిచే పిల్ల నోట్లో నంబరు ఆగిపోయింది.

ఆయన చెప్పాడు. అచ్చియ్యమ్మ పేరు చెప్పాడు. రామభద్రమ్మ పేరు చెప్పాడు. తాతగారి పేరు చెప్పడానికి ఊపిరి తీసుకోవలసి వచ్చింది, కానీ చెప్పాడు. ఫోటో కోసమని చెప్పాడు. వరండా చివర ఎవరో "అయ్యో" అన్నారు.

తలుపు పక్క బల్ల మీద కూర్చున్న నిండు గర్భిణి, కడుపు మీద చెయ్యి వేసుకుని, అందరికంటే ముందు తేరుకుని అడిగింది. "రామభద్రమ్మ గారు ఎవరండీ?"

"మా అమ్మ," అంది నూకరత్నం. ఆ పిల్ల జరిగి చోటిచ్చింది. ఆవిడ ఆ పక్కన కూర్చుంది. అప్పుడు గానీ ఏడవలేదు.